థెల్మా రిట్టర్‌ది ఓడిపోయిన కెరీర్ కాదు

మీ ప్రశ్న సారాంశం ఇది: థెల్మా రిట్టర్‌కు ఉత్తమ సహాయ నటి విభాగంలో ఆరుసార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఒక్కసారీ బహుమతి రాలేదు. వేసినవి ఎక్కువగా పనిమనిషి, నర్సు, తల్లి వేషాలు. మరి ఆమె కెరీర్‌ను గొప్ప కెరీర్ అని ఎందుకంటారు, పాత హాలీవుడ్‌లో క్యారెక్టర్ నటుల బతుకు ఎలా ఉండేది, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని అడిగారు. చాలాకాలంగా ఫిల్మ్ సొసైటీలో ఈ సినిమాలు ప్రదర్శిస్తూ, నటన నేర్చుకునే విద్యార్థులతో కలిసి సన్నివేశం వెంట సన్నివేశం ఆపి చూస్తూ వస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రిట్టర్ ఉన్న సినిమాలలో అసలు సంగతిని అందరికంటే ముందు పసిగట్టేది చాలాసార్లు ఆమె పాత్రే. నాయిక మోసపోతున్నా, నాయకుడు తనను తాను మభ్యపెట్టుకుంటున్నా, గదిలో ఓ పక్కన బట్టలు సర్దుతూనో కాఫీ పోస్తూనో ఉన్న ఈ మనిషికి మాత్రం విషయం తెలిసిపోతుంది. ప్రేక్షకుడు ఆమె కళ్ళతో కథను చూడడం మొదలుపెడతాడు. ఇంత బరువును ఐదారు సన్నివేశాలలో మోయగలగడమే ఆమె ప్రత్యేకత.

రిట్టర్ 1902 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్‌లో శిక్షణ పొందారు. స్టాక్ కంపెనీలలో, అంటే ఒకే బృందం వరుసగా నాటకం మీద నాటకం వేసే సంస్థలలో, చాలా రోజులు పనిచేశారు. న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో చిన్న వేషాలు దొరికాయి కానీ పేరు రాలేదు. భర్త కూడా మొదట నటుడే, తర్వాత ప్రకటనల రంగానికి మారారు. పిల్లలు పుట్టాక రిట్టర్ రంగస్థలానికి దూరమై, 1940లలో రేడియో నాటకాలతో మళ్ళీ పనిలోకి వచ్చారు. ఆ రేడియో అనుభవం ఆమె సంభాషణ చెప్పే తీరులో స్పష్టంగా వినిపిస్తుంది. బొంగురు గొంతు, బ్రూక్లిన్ యాస, మాట చివర చిన్న విరుపు. ముఖం కనబడకపోయినా మనిషి కనబడుతుంది.

తొలి సినిమా 1947లో వచ్చిన 'మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్'. అప్పటికి ఆమెకు 45 ఏళ్ళు. హాలీవుడ్‌లో చాలామంది కథానాయికలకు వేషాలు తగ్గిపోయే వయసు అది. దర్శకుడు జార్జ్ సీటన్‌కు వీరి కుటుంబంతో స్నేహం ఉండడం వల్ల ఆ చిన్న వేషం దొరికింది. టైటిల్స్‌లో పేరు కూడా లేదు. మేసీస్ దుకాణంలో క్రిస్మస్ తాత వేషం వేసిన ముసలాయన ఒక పిల్లవాడికి బొమ్మ ఫైరింజను తప్పకుండా వస్తుందని మాట ఇస్తాడు. ఆ పిల్లవాడి తల్లి రిట్టర్. ఊరంతా తిరిగినా ఆ బొమ్మ దొరకలేదు, కాళ్ళు పీకుతున్నాయి, పైగా ఈయన పిల్లవాడికి ఆశ పెడుతున్నాడు. పిల్లవాడి తల మీదుగా, వాడికి వినబడకుండా, ఆమె తాతను దులిపేస్తుంది. ఆయన ఫలానా దుకాణంలో ఉందని చెప్పగానే ఆ ముఖంలో వచ్చే మార్పును గమనించండి. మొదట నమ్మకం కుదరదు. ఒక దుకాణం తన పోటీదారు దగ్గరికి కొనుగోలుదారును పంపడమా! తర్వాత ఆమె ఆ విభాగం అధికారిని వెతికి పట్టుకుని, ఇకనుంచి తాను ఎప్పుడూ ఇక్కడే కొంటానని చెప్పి వెళుతుంది. కథలో వ్యాపారం దిశ మారేది అక్కడే. ఈ కాసేపటి వేషం చూసి ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ సంస్థ ఆమెను కాంట్రాక్టు మీద తీసుకుంది.

ఇక్కడ స్టూడియో పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో పెద్ద స్టూడియోలు తారలతోపాటు క్యారెక్టర్ నటులను కూడా వారం జీతం మీద పెట్టుకునేవి. కాంట్రాక్టు సాధారణంగా గరిష్ఠంగా ఏడేళ్ళు. కానీ మధ్యమధ్యలో దాన్ని కొనసాగించాలా వద్దా అని తేల్చుకునే హక్కు స్టూడియోదే, నటులది కాదు. కావాలంటే మరో స్టూడియోకు అద్దెకు ఇవ్వవచ్చు. వేషం వద్దంటే జీతం ఆపి పక్కన కూర్చోబెట్టవచ్చు. ఇందులో అన్యాయం ఉంది. అదే సమయంలో పని కూడా ఉండేది. థామస్ మిచెల్‌ను చూడండి. ఒక్క 1939లోనే 'స్టేజ్‌కోచ్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'ఓన్లీ ఏంజిల్స్ హావ్ వింగ్స్', 'ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్', 'గాన్ విత్ ద విండ్' చిత్రాలలో కనిపించారు, మొదటిదానికి ఆస్కార్ గెలిచారు. ఏడాదిలో ఇన్ని మంచి పాత్రలు ఏ కథానాయకుడికీ దొరకవు. తార ముఖం మీద సినిమా అమ్ముడుపోతుంది కాబట్టి తారను జాగ్రత్తగా, అరుదుగా వాడేవారు. క్యారెక్టర్ నటులకు ఆ భయం లేదు. సినిమా పోయినా నింద వారి మీదికి రాదు. అందుకే వారి పనితనం రోజురోజుకూ పదును తేలేది.

సహాయ నటులకు విడిగా ఆస్కార్ ఇవ్వడం 1936 చిత్రాలతో మొదలైంది. తొలి సంవత్సరాలలో వారికి ఆ బంగారు ప్రతిమ కూడా ఇచ్చేవారు కాదు, ఒక ఫలకం ఇచ్చేవారు. మొదటి ఏడాది గెలిచిన వాల్టర్ బ్రెనన్ 1938, 1940 చిత్రాలకు కూడా గెలిచి మూడు బహుమతులు ఇంటికి తీసుకువెళ్ళారు. రిట్టర్‌ది దీనికి నేరుగా ఎదురు కథ. 1950 నుంచి 1953 వరకు వరుసగా నాలుగేళ్ళు, తర్వాత 1959, 1962 చిత్రాలకు నామినేషన్లు వచ్చాయి. జోసెఫీన్ హల్, కిమ్ హంటర్, గ్లోరియా గ్రాహమ్, డొనా రీడ్, షెలీ వింటర్స్, పాటీ డ్యూక్ ఆ ఆరుసార్లూ గెలిచినవారు. వారిలో ఎవరి నటననూ తక్కువ చేయలేను. కిమ్ హంటర్, పాటీ డ్యూక్‌లకు వచ్చినవి న్యాయమైన బహుమతులే. అయితే 1953 విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

ముందు 'ఆల్ అబౌట్ ఈవ్' సంగతి. 1950 నాటి ఈ చిత్రానికి 14 నామినేషన్లు వచ్చాయి. రచయిత, దర్శకుడు జోసెఫ్ మాంకివిక్జ్ అంతకుముందే 'ఎ లెటర్ టు త్రీ వైవ్స్'లో రిట్టర్‌కు పనిమనిషి వేషం ఇచ్చి చూశారు. బర్డీ పాత్రను ఆమెను మనసులో పెట్టుకునే రాశారు. బర్డీ ఒకప్పుడు వోడ్‌విల్ వేదికల మీద, అంటే పాటలు, ఆటలు, హాస్యం కలిపిన వినోద ప్రదర్శనలలో, ఆడిన మనిషి, ఇప్పుడు పెద్ద నటి మార్గో చానింగ్‌కు దుస్తులు, ఇల్లు, వేళలు అన్నీ చూసుకునే తోడు. మార్గోగా బెటీ డేవిస్ నటించారు. ఒక రాత్రి మేకప్ గదిలోకి ఈవ్ అనే అభిమాని వచ్చి తన కష్టాల కథ చెబుతుంది. అందరి కళ్ళూ చెమరుస్తాయి. ఏం కథ, వెనకాల వేటకుక్కలు తరమడం ఒక్కటే తక్కువైంది అంటుంది బర్డీ. మార్గో ఆమెను మందలిస్తుంది, బర్డీ క్షమాపణ కూడా చెప్పుకుంటుంది. చూసేవారు కూడా ఆ క్షణంలో మార్గో పక్షమే. పాపం, ఆ అమ్మాయి ఏడుస్తుంటే ఈమెకు వెటకారమా అనుకుంటారు. సినిమా ముగిసేసరికి ఆ గదిలో ఈవ్‌ను సరిగ్గా అంచనా వేసింది బర్డీ ఒక్కతే అని తేలుతుంది.

తర్వాత మరో సన్నివేశం ఉంది. విద్యార్థులకు నేను తప్పకుండా చూపించేది అదే. నీకు ఈవ్ అంటే ఇష్టం లేదు కదా అని మార్గో అడుగుతుంది. మీకు కావలసింది జవాబా, వాదనా అని బర్డీ ఎదురు అడుగుతుంది. జవాబే అంటే, లేదు అని ఒక్క మాటతో ఊరుకుంటుంది. ఎందుకు అని అడిగితే, ఇప్పుడు మీకు వాదన కావాలి అంటుంది. అప్పుడు గాని అసలు మాట బయటికి రాదు: ఆ అమ్మాయి మిమ్మల్ని పుస్తకాన్ని చదివినట్టు, ఇంటి ప్లానును చూసినట్టు అధ్యయనం చేస్తోంది, మీ నడక, మాట, తిండి, నిద్ర అన్నీ. ఈ సంభాషణలో రిట్టర్ ఎక్కడా గొంతు పెంచరు. మార్గో మనసు నొచ్చుకుంటుందని తెలుసు, చెప్పక తప్పదనీ తెలుసు. రెండింటి మధ్య నలిగే మనిషిని ఆమె ఒక చిన్న విరామంతో చూపించారు. రాసిన మాట ఎంత పదునైనదైనా, ఆ విరామం రచయిత కాగితం మీద పెట్టగలిగేది కాదు.

ఈ చిత్రంలో నాకొక ఫిర్యాదు ఉంది. సగం దాటాక బర్డీ కథలోంచి మాయమవుతుంది. ఆమె హెచ్చరిక నిజమైనప్పుడు ఆమె అక్కడ లేదు. క్యారెక్టర్ నటుల కెరీర్‌లో ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదం. పాత్ర పని అయిపోగానే కథ ఆ మనిషిని మరిచిపోతుంది. ఆ ఏడాది అదే చిత్రం నుంచి సెలెస్ట్ హోమ్ కూడా అదే విభాగంలో పోటీపడ్డారు. ఒకే సినిమా అభిమానుల ఓట్లు ఇద్దరికీ చీలే అవకాశం ఉన్న పోటీ అది.

మరుసటి ఏడాది పారమౌంట్ తీసిన 'ద మేటింగ్ సీజన్' ఇంకో రకం ఉదాహరణ. హాంబర్గర్ దుకాణం నడుపుకున్న తల్లి కొడుకు ఇంటికి వస్తుంది. పెద్దింటి నుంచి వచ్చిన కోడలు ఆమెను కొత్త వంటమనిషి అనుకుంటుంది. తల్లి ఆ పొరపాటును దిద్దకుండా, వంట చేస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. కథంతా ఈ తల్లి భుజాల మీదే నడుస్తుంది. కానీ టైటిల్స్‌లో జీన్ టియర్నీ, జాన్ లండ్, మిరియమ్ హాప్కిన్స్‌ల తర్వాత నాలుగో పేరు రిట్టర్‌ది. నామినేషన్ కూడా సహాయ నటి విభాగంలోనే. జార్జ్ క్యూకర్ తీసిన 'ద మోడల్ అండ్ ద మ్యారేజ్ బ్రోకర్'లో పెళ్ళిళ్ళ పేరమ్మగా మళ్ళీ సినిమా మొత్తాన్ని మోసినా, పేరు మూడో స్థానంలోనే పడింది. పోస్టరు మీద ఎవరి బొమ్మ ఉండాలి, ఎవరు ఏ విభాగంలో పోటీ చేయాలి అన్నది నటనను బట్టి కాక, వయసును, ముఖాన్ని, కాంట్రాక్టును బట్టి నిర్ణయమయ్యేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఇక 1953 నాటి 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్'. దర్శకుడు శామ్యూల్ ఫుల్లర్. రిట్టర్ పాత్ర పేరు మో. పైకి నెక్‌టైలు అమ్ముకునే ముసలామె, అసలు పని పోలీసులకు జేబుదొంగల ఆనవాళ్ళు అమ్మడం. దొంగ చేతివాటం ఎలా ఉందో వివరిస్తే చాలు, వాడెవడో చెప్పేస్తుంది. దానికి ధర ఉంది, బేరం ఉంది. పోగుచేసే ప్రతి డాలరూ ఒకే పనికి. అనాథ శవాల గుంతలో కాకుండా, మంచి శ్మశానంలో తనకంటూ కొంత స్థలం, పేరు చెక్కిన రాయి కావాలి. తన సమాచారం వల్లే పట్టుబడబోయిన జేబుదొంగ స్కిప్ కూడా ఆమె మీద కోపం పెట్టుకోడు. ఆమె కూడా తినాలి కదా అంటాడు. ఆ లోకంలో పరస్పర గౌరవం అలా ఉంటుంది.

ఆమె చివరి సన్నివేశాన్ని చూడకుండా రిట్టర్ గురించి ఒక అభిప్రాయానికి రావద్దని నా మనవి. రోజంతా తిరిగి రాత్రి గదికి చేరుతుంది. గ్రామఫోను మీద రికార్డు పెట్టి మంచం మీద వాలుతుంది. అప్పుడు గదిలో ఇంకొకరు ఉన్నారని తెలుస్తుంది. అతనికి కావలసింది స్కిప్ చిరునామా. జీవితమంతా చిరునామాలు అమ్ముకుని బతికిన మనిషి ఈ ఒక్కటి అమ్మనంటుంది. అప్పుడు రిట్టర్ ధైర్యాన్ని నటించరు, అలసటను నటిస్తారు. తాను అరిగిపోయిన గడియారంలా ఉన్నానని, ఇప్పుడు తల పేల్చేస్తే మేలు చేసినవాడివవుతావని చెప్పే మాటలు దాదాపు మామూలు కబుర్లలా వస్తాయి. అతణ్ణి బతిమాలడం లేదు, సవాలు చేయడమూ లేదు. కాళ్ళ నొప్పుల గురించి చెప్పుకునే గొంతుతోనే తన చావు గురించి చెబుతోంది. కెమెరా ఆమెను వదిలి గ్రామఫోను వైపు తిరుగుతుంది, తుపాకి మోత వినబడుతుంది. తర్వాత స్కిప్ ఆమె శవాన్ని అనాథల శ్మశానానికి పోనివ్వకుండా అడ్డుపడి తెచ్చుకుంటాడు. ఆ ఏడాది గెలిచిన డొనా రీడ్ 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ'లో బాగా చేశారు. కానీ మో పాత్రతో పోల్చి చూస్తే నా ఓటు రిట్టర్‌కే.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా మాట అసంపూర్ణమవుతుంది. రిట్టర్ వేసిన పనిమనుషులకు పేరుంది, చమత్కారం ఉంది, యజమానికి ఎదురు చెప్పే హక్కుంది. అవే దశాబ్దాలలో నల్లజాతి నటీమణులకు దొరికిన పనిమనిషి వేషాలలో ఆ హక్కు చాలా అరుదు. హాటీ మెక్‌డానియెల్ 'గాన్ విత్ ద విండ్'కు ఆస్కార్ గెలిచిన రాత్రి కూడా తన చిత్ర బృందంతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. లూయీజ్ బీవర్స్ వంటి నటి ఎన్నో చిత్రాలలో వంటింటి గడప దాటలేకపోయారు. రిట్టర్‌కు స్టూడియో ఇచ్చిన చోటు ఇరుకైనదే. కానీ అది కూడా అందరికీ దక్కలేదు.

'రియర్ విండో' (1954) చాలామంది చూసే ఉంటారు. కాలు విరిగి చక్రాల కుర్చీలో ఉన్న ఫొటోగ్రాఫరుకు వళ్ళు మర్దన చేసే నర్సు స్టెల్లా. కిటికీలోంచి పక్కింటివారిని చూడడం తప్పని మొదట చీవాట్లు పెట్టేది ఆమే. హత్య జరిగిందని నమ్మాక శవాన్ని ఎక్కడ ముక్కలు చేసి ఉంటాడో ఆరా తీసేది కూడా ఆమే, అదీ అతను ఫలహారం తింటున్నప్పుడు! దర్శకుడు హిచ్‌కాక్ తీసిన ఈ సినిమాలో ప్రేక్షకుడి అపరాధభావమూ, కుతూహలమూ రెండూ ఒకే మనిషిలో కనబడేది స్టెల్లాలోనే. జేమ్స్ స్టూవర్ట్, గ్రేస్ కెలీల అందమైన జంట పక్కన ఈ చీవాట్లు లేకపోతే ఆ గదిలో గాలి ఆడేది కాదు.

1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వల్ల స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. దానికితోడు టెలివిజన్ వచ్చింది. ఇంతమంది నటులకు ఏడాది పొడవునా జీతాలిచ్చే శక్తి స్టూడియోలకు క్రమంగా పోయింది. క్యారెక్టర్ నటులు టీవీ వైపు, రంగస్థలం వైపు మళ్ళారు. రిట్టర్ కూడా 1955లో పాడీ చయెఫ్‌స్కీ రాసిన 'ద కేటర్డ్ అఫెయిర్' టీవీ నాటకంలో, కూతురి పెళ్ళి ఘనంగా చేయాలని తపించే న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతపు తల్లిగా నటించి, టీవీ పురస్కారమైన ఎమీకి నామినేషన్ పొందారు. మరుసటి ఏడాది దాన్ని సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర బెటీ డేవిస్‌కు వెళ్ళింది. మార్గోకు సేవ చేసిన బర్డీ పాత్రధారి వేషం మార్గో పాత్రధారికి! ఇందులో డేవిస్ తప్పేమీ లేదు, సినిమాకు పెద్ద పేరు కావాలి. కానీ ఈ రంగంలో మెట్లు ఎలా ఉంటాయో ఈ ఒక్క సంగతి చెబుతుంది. రంగస్థలం మాత్రం న్యాయం చేసింది. 'న్యూ గర్ల్ ఇన్ టౌన్' సంగీత నాటకానికి 1958లో ఉత్తమ నటిగా రంగస్థల పురస్కారమైన టోనీ వచ్చింది, సహనటి గ్వెన్ వెర్డన్‌తో సమానంగా. సహాయ నటిగా కాదు, నటిగా.

తర్వాతి చిత్రాలలో 'పిల్లో టాక్'లో (1959) తాగి తూలుతూ పనికి వచ్చే ఆల్మా సరదా పాత్ర. సలహా కోసం ఆమెతో కలిసి తాగిన రాక్ హడ్సనే మత్తులో పడిపోతాడు. 'ద మిస్‌ఫిట్స్'లో మెరిలిన్ మన్రోకు తోడుండే ఇంటి యజమానురాలు. అన్నిటికంటే భిన్నమైనది 1962 నాటి 'బర్డ్‌మాన్ ఆఫ్ ఆల్కట్రాజ్'. బర్ట్ లాంకాస్టర్ తల్లిగా నటించారు, నిజానికి ఇద్దరి మధ్య తేడా 11 ఏళ్ళే. జైల్లో ఉన్న కొడుకు కోసం ఎవరినైనా ఎదిరించే ఆ ప్రేమ, అతను మరో స్త్రీని పెళ్ళి చేసుకోగానే గడ్డకట్టిపోతుంది. నవ్వించే రిట్టర్‌ను మాత్రమే ఎరిగినవారు ఇందులో ఆ పెదవులు బిగుసుకోవడం చూసి ఉలిక్కిపడతారు. ఆమె 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి వెండితెర మీద గడిపింది రెండు దశాబ్దాలకు కొంచెం ఎక్కువ.

ఏది ముందు చూడాలని అడిగారు. 'ఆల్ అబౌట్ ఈవ్'తో మొదలుపెట్టండి. కానీ రెండోసారి చూసేటప్పుడు మాట్లాడేవారిని వదిలేసి, వింటున్న బర్డీ మీదే కళ్ళు పెట్టండి. తర్వాత 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్'. దాని వెంటనే 'రియర్ విండో' చూస్తే, అదే గొంతును రెండు పూర్తిగా వేరే పనులకు ఎలా వాడారో తెలుస్తుంది. 'బర్డ్‌మాన్' నిడివి ఎక్కువ, తీరికగా ఉన్నప్పుడు చూడండి. 'ద మేటింగ్ సీజన్' దొరకడం కొంచెం కష్టమే, ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. ఆమె పేరును పోస్టరు మీద అన్నిటికంటే పైన వేసి ఉండవలసిన సినిమా అది.